ఓడను నిలిపిన పగడపు ముక్క

చదువవలసిన భాగములు: కీర్తనలు 104:24–30, మత్తయి 18:23–35

పగడము మన యిండ్లలో తెలియని వస్తువు కాదు. నవరత్నములలో అదియొకటి. యోబు గ్రంథము 28వ అధ్యాయములో, జ్ఞానముతో సరితూగని విలువగల వస్తువుల వరుసలో పగడములును చేరియున్నవి. అయితే ఈ మాసము మనము తలపోయునది మెడలో వేసికొను ఎఱ్ఱ పగడమును గూర్చి కాదు. ఉష్ణమండలపు దీవుల చుట్టు, లోతు తక్కువగానున్న వెచ్చని నీళ్లలో దిబ్బలు కట్టు దాని దాయాదులను గూర్చియే. గోదావరి, కృష్ణ మొదలైన నదులు మంచినీటిని, ఒండ్రును తెచ్చి కలుపుచుండుటచేత మన తెలుగు తీరమున అట్టి పెద్ద దిబ్బలు లేవు. లక్షద్వీపములలోను, అండమాను దీవులలోను, మన్నారు సింధుశాఖలోను అవి గలవు.

1. కట్టువాడు ఎంతవాడు?

పగడపు జీవి మెత్తని శరీరము గలది. అనేక జాతులలో అది బియ్యపుగింజకు మించదు. దానికి ఒక నోరు, నోటిచుట్టు సన్నని చేతులు గలవు. సముద్రపు నీటిలో కరిగియున్న సున్నపు పదార్థమును తీసికొని తనచుట్టు రాతి గిన్నెను కట్టుకొనును. అది చనిపోయిన తరువాత ఆ గిన్నెమీద మరియొకటి కట్టును. ఈలాగున వేల సంవత్సరములు జరిగిన పని ఆస్ట్రేలియా ఈశాన్య తీరమున 2,300 కిలోమీటర్లకు పైగా వ్యాపించిన గ్రేట్ బారియర్ రీఫ్ ఆయెను.

అయితే ఈ కట్టువాడు ఒంటరివాడు కాడు. అతని దేహములోనే కంటికి కనబడని నాచు కాపురముండును. అది సూర్యకాంతితో ఆహారము వండి, అందులో అధిక భాగమును తన యింటివానికి ఇచ్చును. ఇంటివాడు దానికి నీడను, ఎరువును ఇచ్చును. ఆ దిబ్బలలోనే చిన్న చేపలు పెద్ద చేపల నోటిలోనికి నిర్భయముగా పోయి వాటి పండ్లను శుభ్రపరచును. చిలుకముక్కు చేపలు పగడపు రాతిని కొరికి, నూరి, తెల్లని ఇసుకగా విడుచును. అనేక దీవుల ఒడ్డుననున్న ఇసుకలో చాలభాగము ఈలాగు వచ్చినదే. ఇచ్చుటయు పుచ్చుకొనుటయు లేనియెడల ఆ పట్టణములో ఒక్క దినమైనను గడవదు.

2. గుండునకు పూసిన కొవ్వు

తెరచాప ఓడల కాలమున నీటి అడుగును చూచుటకు సాధనములు లేవు. 1836 ఏప్రిల్ మాసములో బీగిల్ అను ఓడ హిందూ మహాసముద్రములోని కోకోస్ కీలింగ్ దీవులకు చేరెను. అందులో చార్లెస్ డార్విన్ అను ప్రకృతి శాస్త్రజ్ఞుడుండెను. ఓడ నాయకుడైన ఫిట్జ్‌రాయ్ సీసపు గుండు అడుగుభాగమున కొవ్వు పూయించి, త్రాటితో నీటిలోనికి దింపించెను. పది బారల లోతువరకు ఆ కొవ్వుమీద ఇసుక అంటలేదు, బ్రదికియున్న పగడముల ముద్రలు మాత్రము పడెను. లోతు హెచ్చిన కొలది ముద్రలు తగ్గెను, ఇసుక హెచ్చెను. దిబ్బ కట్టు జీవులు వెలుగు చొచ్చునంత మేరకే బ్రదుకునని ఇందువలన తెలియుచున్నది.

అట్లయిన అగాధములనుండి పైకి లేచిన దిబ్బలు ఎట్లు కలిగెను? అడుగుననున్న కొండ మెల్లగా క్రుంగుచుండగా, పగడములు వెలుగును విడువక పైకి కట్టుచు వచ్చినవని డార్విన్ తలంచి, 1842లో గ్రంథము ప్రకటించెను. 1952లో పసిఫిక్ మహాసముద్రమందలి ఎనివెటాక్ దీవిలో నాలుగువేల అడుగులకు పైగా తొలిచినప్పుడు, సున్నపురాతి క్రింద అగ్నిపర్వతపు రాయి దొరకెను. కొవ్వు పూసిన గుండుతో మొదలైన వెదకులాట అక్కడ నెరవేరెను.

3. ఓడకు తగిలిన దెబ్బ

ఇప్పుడు కొంచెము వెనుకకు పోదము. 1770 జూన్ 11వ తేదీ రాత్రి, కెప్టెన్ జేమ్స్ కుక్ నడుపుచున్న ఎండెవర్ అను తెరచాప ఓడ గ్రేట్ బారియర్ రీఫ్‌లో ఒక దిబ్బమీద చిక్కుకొనెను. అడుగున రంధ్రము పడెను. ఓడ తేలుటకు బరువు తగ్గవలెనని ఆరు ఫిరంగులను, రాళ్లను, ఇనుమును, పీపాలను, నలువది యేబది టన్నుల సామగ్రిని సముద్రములో పారవేసిరి. మరునాటి ఉదయము పోటు వచ్చినను ఓడ కదలలేదు. పంపులయొద్ద అందరును వంతులవారీగా శ్రమపడిరి. ఇరువదిమూడు గంటల తరువాత, రాత్రి పోటుకు ఓడ తేలెను. నారను, ఉన్నిని కుట్టిన తెరచాపను ఓడ క్రిందికి లాగి రంధ్రమునకు అడ్డుపెట్టిరి.

ఒక నదీముఖమున ఓడను ఒడ్డుకు చేర్చి పరీక్షించినప్పుడు వారు ఆశ్చర్యపడిరి. పెద్ద రంధ్రములో ఒక పగడపు ముక్క విరిగి, బిరడావలె ఇరుకుకొనియుండెను. అది లేనియెడల ఓడ మునిగియుండెడిది. ఏ పగడము గాయపరచెనో ఆ పగడమే గాయమును మూసెను.

4. ఇయ్యని తాబేలు

కథ అంతటితో ముగియలేదు. ఆ నదియొద్ద గూగు యిమిథిర్ అను జనులు తరతరములుగా నివసించుచుండిరి. ఓడవారు మరమ్మతు చేసికొనుచు, దిబ్బలయొద్ద తాబేళ్లను పట్టి ఓడమీద పెట్టిరి. జూలై 19న ఆ జనులలో కొందరు వచ్చి ఒక తాబేలును అడిగిరి. ఓడవారు ఇయ్యలేదు. వారు కోపించి ఒడ్డుననున్న గడ్డికి నిప్పుపెట్టిరి. కుక్ తుపాకి పేల్చగా ఒకనికి స్వల్పగాయము తగిలెను. పిమ్మట ఒక వృద్ధుడు మొనలేని ఈటెను పట్టుకొని ముందుకు వచ్చెను. సమాధానము కలిగెను.

ఇదిగో, మనము తడవు చేసి ఆలోచింపవలసిన సంగతి. ఒక నెల క్రితము ప్రాణములు దక్కించుకొన్నవారు, పరుల నీళ్లలో పట్టిన తాబేళ్లలో ఒక్కదానిని ఇయ్యలేకపోయిరి. పదివేల తలాంతుల అప్పు క్షమింపబడి, నూరు దేనారముల కొరకు తోటిదాసుని గొంతు పట్టుకొనిన వాని సంగతి మత్తయి సువార్తలో చదువుచున్నాము. వానిని నిందించుట సులభము. అయితే ఈటె మొన తీసివచ్చినవాడు ఓడవారిలో ఒకడు కాడు, తాబేలు దొరకనివాడే. క్షమింపబడినవారమని చెప్పుకొను మనలో మొదట మొన తీయువారెవరు?

5. నేటి దెబ్బ

నేడును చిన్న తెరచాప పడవలలో దీవులు చూడబోవువారు సూర్యుడు నడినెత్తికి వచ్చువరకు ఆగి, నీటి రంగు చూచి నడుపుదురు. నీలము లోతు, లేతపచ్చ ఇసుక మెరక, గోధుమ రంగు పగడము. లంగరును పగడముమీద వేయక ఇసుకలో వేయుట మంచి నావికుని లక్షణము.

అయితే లంగరుకంటె పెద్ద దెబ్బ మరియొకటి గలదు. మనుష్యులు కాల్చు బొగ్గు, నూనెల పొగవలన సముద్రము వేడెక్కుచున్నది. వేడి మితిమీరినప్పుడు పగడము తనలోని నాచును బయటికి త్రోసివేయును. రంగుపోయి ఎముకవలె తెల్లబడును. గ్రేట్ బారియర్ రీఫ్‌లో 1998, 2002, 2016, 2017, 2020, 2022, 2024 సంవత్సరములలో ఇట్లు విస్తారముగా జరిగెను. మన లక్షద్వీపములును ఈ దెబ్బ తప్పించుకొనలేదు. తెల్లబడినది వెంటనే చావదు. త్వరగా నీరు చల్లబడినయెడల నాచు తిరిగి చేరును, పగడము బ్రదుకును. ఆలస్యమైనయెడల ఆకలిచేత చచ్చును.

పొగ విడుచువారు ఒకచోట, చేపలు దొరకక అలమటించు దీవివాసులు మరియొకచోట. ఇదియు ఇయ్యని తాబేలు కథయే. వృథాగా వెలుగు దీపమును ఆర్పుట, నడచిపోదగిన దారిని నడచుట చిన్న పనులు. అయినను బియ్యపుగింజంత జీవులు ఏమి కట్టెనో ఇప్పుడే చూచితిమి గదా.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మనకు తెలియకుండ మన రంధ్రమును మూసిన పగడపు ముక్క వంటి మేలు మన జీవితములో ఏది?

2. మనయొద్ద ఇయ్యక నిలుపుకొనిన తాబేలు ఏది? దానిని అడిగినవారెవరు?

3. ఈ మాసము ఎవరియొద్దకు మొనలేని ఈటెతో పోవలెను?