హోసు పైపుకి ముందు చోటియ్యి

ఆటోనగర్, విజయవాడ

చి. మేనకోడలికి,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. ఛాసిస్ వెల్డింగు నీటుగా ఉంది. ముందు చక్రాల దగ్గర బ్రేకు హోసు పైపులు వేద్దామంటే వేలు దూరే సందు కూడా లేదన్నావు. ఉండదమ్మా. కంపెనీ కారులో ఆ చోటు డ్రాయింగులోనే తేల్చేస్తారు. నువ్వు కడుతున్నది లోటస్ సెవెన్ పోలికలో ఉన్న బండి. 1957లో కాలిన్ చాప్‌మన్ దాన్ని తీసిందే తేలిగ్గా, చిన్నగా ఉండాలని. ఇలాంటి బండి సొంతంగా కట్టుకోవడం గురించి 1996లో రాన్ చాంపియన్ పుస్తకం వచ్చాక మీ బ్రిటన్‌లో ఎంతోమంది ఇంటి గ్యారేజీలోనే అలాంటిది కట్టడం మొదలెట్టారు. రిమ్ము, అప్‌రైటు, పై విష్‌బోను, షాక్ అబ్జార్బరు అన్నీ జానెడు చోటులో చేరతాయి. వాటి మధ్య నుంచే హోసు పోవాలి.

అన్నీ బిగించేసి, ఆఖర్న మిగిలిన సందులోంచి హోసు లాగడం చాలామందికి అలవాటు. నువ్వు ఆ వరస తిరగెయ్యి. హోసు ఆడే దారి ముందు ఖాయం చేసుకుని, దాన్ని బట్టి హోసు కొస పట్టే బ్రాకెట్ ఛాసిస్‌కి వెల్డు చెయ్యి. ఛాసిస్ నీది, బ్రాకెట్ అంగుళం అటూ ఇటూ జరపడానికి ఎవర్నీ అడగక్కర్లేదు.

ఆ దారి తెలియాలంటే స్ప్రింగులు తీసెయ్యాలి. ఛాసిస్ స్టాండ్ల మీద నిలిపి, టైరుతో సహా చక్రం ఎక్కించి, కింది విష్‌బోను కింద జాకీ పెట్టు. హోసంత మందమున్న రబ్బరు గొట్టం ముక్క ఒకటి వైరుతో కట్టు. చక్రాన్ని పూర్తిగా కిందికి వేలాడనిచ్చి స్టీరింగు ఎడమకి చివరిదాకా, కుడికి చివరిదాకా తిప్పు. జాకీతో పూర్తిగా పైకి లేపి మళ్లీ అలాగే తిప్పు. చక్రం కిందికి వేలాడి, ఒక పక్కకి తిరిగినప్పుడు ఎంత పొడవు కావాలో అదే నీ కొలత, పైన కాస్త వదులు కలుపుకో. పైకి లేచినప్పుడు ఆ వదులంతా ఉబ్బి ఎటు పోతుందో కూడా చూడు. గొట్టానికి సుద్దపొడి రాసి తిప్పితే టైరుకో రిమ్ముకో తగిలిన చోట తెల్ల మచ్చ పడుతుంది. మచ్చ పడిందంటే బ్రాకెట్ జరగాల్సిందే. ప్లాస్టిక్ టై వేసి విష్‌బోనుకి బిగించేసి సరిపెట్టుకోకు.

హోసు వంగుతుంది, కానీ మెలికపడితే ఓర్చుకోదు. ఎఫ్ఎంవీఎస్ఎస్ 106 అనే అమెరికా ప్రమాణం ప్రకారం హోసుని యంత్రం మీద 35 గంటలు ఆపకుండా ఆడించినా పగలకూడదు. అంత ఓర్పున్న వస్తువు కూడా మెలి తిరిగి బిగిస్తే, అంచుకి ఒరుసుకుంటే తొందరగా పోతుంది. చాలా హోసుల మీద పొడుగునా ఒక గీత ఉంటుంది. బిగించాక ఆ గీత గొట్టాన్ని చుట్టుకోకుండా ఒకే వైపు నడవాలి.

అందుకే ఏ కొస ముందు బిగిస్తామన్నది ముఖ్యం. కాలిపర్‌లోకి సూటిగా మర తిరిగే కొస అయితే దాన్నే ముందు బిగించాలి, అది తిరిగితే గొట్టమంతా తిరుగుతుంది కాబట్టి. తర్వాత రెండో కొస బ్రాకెట్‌లో కూర్చోబెట్టి క్లిప్పు వెయ్యి. గట్టి పైపు నట్టు తిప్పేటప్పుడు రెండో చేత్తో హోసు హెక్సుకి స్పానర్ పట్టి ఉంచు. నీ బండికి పెడుతున్న మాజ్దా కాలిపర్‌కి బ్యాంజో బోల్టు కాబట్టి వరస మారుతుంది. బ్యాంజో వదులుగా పెట్టి, బ్రాకెట్ కొస ఖాయం చేసి, గీత చూసుకుని, బోల్టు ఆఖర్న బిగించు. రాగి వాషర్లు బ్యాంజోకి అటొకటి ఇటొకటి, ప్రతిసారీ కొత్తవే వెయ్యాలి. సందు తక్కువైతే 45 డిగ్రీలదో 90 డిగ్రీలదో వంపు కొస ఉన్న హోసే చేయించుకో. అడాప్టరు మీద అడాప్టరు ఎక్కించావంటే ప్రతి జాయింటూ ఆయిలు కారే చోటే. స్టీలు జాలీ హోసైతే పైన ప్లాస్టిక్ తొడుగు తప్పనిసరి. ఆ జాలీ ఆకురాయిలాగా తగిలినదాన్నల్లా కోసేస్తుంది.

ఇక మరల సంగతి, ఇక్కడే కొంప మునిగేది. మాజ్దాది ఎం10, మర దూరం 1 మిల్లీమీటరు. పాత బ్రిటిష్ కార్ల నుంచి తెచ్చే భాగాలకి ఎక్కువగా 3/8 అంగుళం యూఎన్ఎఫ్ ఉంటుంది. అంటే 9.53 మిల్లీమీటర్ల మందం, అంగుళానికి 24 మరలు. పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలియదు. ఎం10 నట్టు 3/8 రంధ్రంలో ఒకటి రెండు చుట్లకే పట్టేస్తుంది, అది నయం. 3/8 నట్టు ఎం10 రంధ్రంలోకి మాత్రం హాయిగా దిగిపోతుంది, వేలితో కదిపితే లోపల ఊగుతుంది. బిగిస్తే బిగుసుకున్నట్టే ఉంటుంది గానీ మర కొసలే పట్టుకుని ఉంటాయి. గట్టిగా బ్రేకు వేస్తే లైన్లో ఒత్తిడి 100 బార్‌కి చేరగలదు, ఆ కొసలు దానికి ఆగవు. పైపు కొస ఫ్లేరు కూడా ఎదుటి సీటుకి తగినదై ఉండాలి. బబుల్ ఫ్లేరు పడే చోట డబుల్ ఫ్లేరు పెట్టి ఎంత బిగించినా చెమ్మ ఆగదు.

ఇరుకులో చెయ్యి తిరగకపోతే ముందే స్పానర్ ఎత్తకు. పైపు క్లిప్పులన్నీ వదులుగా ఉంచి, నట్టు వేళ్లతోనే మూడు నాలుగు చుట్లు ఎక్కాకే స్పానర్ వెయ్యి. మామూలు ఓపెన్ స్పానర్ నట్టు మూలలు తినేస్తుంది. పైపు దూరేలా ఒక పక్క కోత ఉండే ఫ్లేరునట్ స్పానర్ కొనుక్కో.

ఆయిలు పొయ్యబోయే ముందు బ్లీడ్ నిపుల్ పైన ఉందో లేదో చూడు. ఇంట్లో కట్టిన బండ్లలో కాలిపర్లు ఎడమది కుడికి మారితే నిపుల్ కిందికి వస్తుంది, అప్పుడు ఎంత పంపు చేసినా గాలి బయటికి రాదు. డాట్ 4 ఆయిలు పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడిగెయ్యి. గాలంతా తీశాక ఒకళ్లని పెడల్ మీద బలమంతా పెట్టి తొక్కి పట్టుకోమని, నువ్వు టార్చి తీసుకుని ఒక్కో జాయింటూ పొడి గుడ్డతో తుడిచి చూడు. పెడల్ మెల్లగా దిగుతుంటే, గుడ్డకి చెమ్మ తగిలితే, బండి షెడ్డు దాటకూడదు.

మీ దగ్గర ఇలాంటి బండి రోడ్డెక్కాలంటే ఐవీఏ పరీక్ష ఉంటుంది కదా. చక్రం ఆ చివరికీ ఈ చివరికీ తిరిగితే హోసు ఎక్కడైనా తగులుతోందా, లాగేస్తోందా అని వాళ్లూ చూస్తారు. నువ్వు పంపిన ఫొటోలన్నిట్లో చక్రం నిటారుగా ఉంది. నిటారు చక్రం దగ్గర ఏ హోసైనా బాగానే కనిపిస్తుంది. ఈసారి చక్రం కిందికి వేలాడదీసి ఎడమకి, కుడికి, పైకి లేపి ఎడమకి, కుడికి, నాలుగూ తీసి పంపు. అవి చూశాకే బ్రాకెట్ వెల్డు చెయ్యమంటాను. అప్పటిదాకా ట్యాకు వేసి ఉంచు.

ఇట్లు,
మీ మామయ్య