మగ్గపు గుంటలో నీరు ఊరకుండ చేసికొనవలసిన పనులు

నేతవాని యింట మగ్గపు గుంటయే అన్నపు కుండ. పడుగు పైనను, పాదములు గుంటలోను ఉండును. సంసారము ఆ రెంటి నడుమ సాగును. గుంటలో నీరు చేరినచో మగ్గము నిలుచును. మగ్గము నిలిచినచో కూలి నిలుచును. వేలూరు, గుడియాత్తం ప్రాంతములలోని మన తెలుగు నేత కుటుంబములకు ఈ కష్టము క్రొత్తది కాదు. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్యపు వానలు పట్టును. సంక్రాంతి సరకుకు తొందర పడు దినములలోనే గుంటలు ఊరుచుండును.

2021 నవంబరులో గుడియాత్తం మీదుగా పారు కౌండిన్య నది పొంగినది. ఎక్కువ కాలము ఇసుకమేటగా కనిపించు పాలారు సైతము నిండుగ పారినది. ఏటి ఒడ్డు వీధులలోని యిండ్లలోనికి నీరు చొచ్చినది. ఏరు పొంగుటను ఆపుట మన చేతిలో లేదు. అయితే ఏరు పొంగని ఏండ్లలో కూడ మన గుంటలు ఊరుచున్నవి గదా! ఆ నీటిని గూర్చియే ఈ పాఠము.

తడి వేరు, నీరు వేరు

మన పెద్దలు మగ్గమును గుంటలో పెట్టుటకు ఒక కారణము చల్లదనము. నూలునకు కొంత తేమ కావలెను. వ్యాపారపు లెక్కలో 100 పాళ్ళ పొడి నూలునకు 8.5 పాళ్ళ తేమను ఒప్పుకొందురు. తేమ చాలని యెండకాలములో పోగు పెళుసై తెగును. కావున గుంట ఎండి బీటలు వారవలెనని మేము చెప్పుట లేదు. గాలిలో మితమైన తేమ నేతకు మేలు. గుంట అడుగున నిలిచిన నీరు మాత్రము కీడు. గంజి పెట్టిన పడుగు అతి తేమను పీల్చి జిగురెక్కును, బూజు పట్టును. ఉక్కు పన్నెకు త్రుప్పు పట్టి బట్టపై మరక దిగును. తొక్కుడు చెక్కలు ఉబ్బును. నేసేవాని కాలి వ్రేళ్ళ సందులు పాచిపోవును. నిలువ నీటిలో దోమ గ్రుడ్డు పెట్టినచో వారము, పది దినములలో ఎగిరే దోమ యగును.

నీరు వచ్చు దారి కనుగొనుట

మందు వేయుటకు ముందు రోగము తెలియవలెను. గుంటలోనికి నీరు మూడు దారుల వచ్చును.

మొదటిది, చూరు నీరు. వాన కురిసిన కొద్ది గంటలలోనే గుంట గోడ పైభాగమున తడి కనిపించినచో అది పెరటి నుండియో, చూరు నుండియో వచ్చినదని తలచవలెను.

రెండవది, భూమిలోని ఊట. వాన వెలిసిన పిమ్మట కూడ అడుగున నీరు ఊరుచు, ఎంత తోడినను మరల అదే మట్టమునకు వచ్చినచో అది ఊటయే.

మూడవది, గాలిలోని తేమ. ముసురు దినములలో వెచ్చని గాలి చల్లని గుంట గోడకు తగిలి చెమర్చును.

ఊటయో, చెమటయో తెలియనిచో ఒక పరీక్ష కలదు. తడిగా నున్న గోడపై ఒకటిన్నర అడుగుల పాలితీన్ ముక్కను పరచి, అంచులను నాలుగు ప్రక్కల గట్టిగ అంటించి రెండు దినములు ఉంచవలెను. ముక్క వెనుక తడి చేరినచో నీరు నేలలో నుండి వచ్చుచున్నది. పైన మాత్రమే చెమర్చినచో అది గాలి తేమ.

దారికి తగిన మందు

చూరు నీటికి మందు చౌక. చూరునకు రేకు దోనె కట్టి, నీటిని ఇంటికి దూరముగ వదలవలెను. గోడ నుండి 10 అడుగుల మేర నేల 6 అంగుళములైన వాలుండునట్లు మన్ను వేసి దిమ్మిస కొట్టవలెను. గుంట చుట్టు అర అడుగు ఎత్తు ఇటుక కట్ట కట్టినచో ఇంట పారిన నీరు సైతము లోనికి దిగదు. మాకు తెలిసినంతలో సగము గుంటల బాధ ఇంతటితోనే తీరును.

గాలి తేమకు వాన వెలిసిన పూట తలుపులు, కిటికీలు తెరచుటయే మందు. గుంట గోడకు ఏటేట సున్నము కొట్టినచో బూజు తగ్గును.

ఊటకు మాత్రము ఆలోచన కావలెను. ఇక్కడ మేమే చేసిన తప్పును చెప్పుచున్నాము. ఊరుచున్న మట్టి గోడ మీద నేరుగా సిమెంటు పూయించితిమి. మరుసటి వానకాలమునకు పూత పొట్టువలె ఊడివచ్చినది. వెనుక నుండి నీరు నెట్టుచుండగా ముందు పూత నిలువదని అప్పటికి గాని తెలియలేదు.

కావున ముందు బావిని అడుగవలెను. వానలు బాగుగ పట్టిన కార్తిక మాసములో దగ్గరి బావిలోనికి రాయి కట్టిన తాడు వదలి, ఇంటి నేలమట్టము నుండి నీరు ఎన్ని అడుగుల లోతున నున్నదో కొలువవలెను. గుంట మూడడుగులైనచో, నీరు నాలుగడుగులకు దిగువ నుండవలెను. అట్లున్నచో గుంటను వేసవిలో వెడల్పు చేసి, అడుగున 4 అంగుళముల ఇటుక కంకర, దానిపై 2 అంగుళముల ఇసుక పోసి, మందపు పాలితీన్‌ను అడుగున, ప్రక్కల నేలమట్టము వరకు పరచి, దానిపై కాంక్రీటు వేసి ఇటుక గోడ కట్టవలెను. ఒక పాలు సిమెంటునకు నాలుగు పాళ్ళ ఇసుక చొప్పున పూత పూసి, వారము దినములు నీరు చల్లి ఆరనీయరాదు. ఒక మూల చిన్న కుండ పాతినచో పైనుండి పడిన నీరు అందులో చేరును, తోడివేయవచ్చును.

నీరు నాలుగడుగుల లోపలనే యున్నచో పూతపై డబ్బు పెట్టవద్దు. మగ్గమునే పైకెత్తుడు. ఒకటిన్నర అడుగుల ఎత్తు అరుగు కట్టి దానిపై మగ్గము నిలిపినచో గుంట లోతు సగమగును, అడుగు నీటికి పైనుండును. ఏటి ఒడ్డు వారికి నిలువు చట్రపు మగ్గము మరియు మేలు.

నీరు వచ్చిన పిమ్మట

గుంటలో దిగుటకు ముందు మెయిన్ స్విచ్చి ఆపవలెను. తడి చేతితో తీగను ముట్టరాదు. వీధి, పెరడు నీటిలో నుండగా గుంటను ఒక్కసారిగ తోడరాదు. లోపలి నీటి ఆధారము పోయి మట్టి గోడ విరిగి పడును. బయట నీరు తీసిన పిమ్మట దినమునకు మూడవ వంతు చొప్పున తోడవలెను. గుంటను ఆర్చుటకు బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు మూయరాదు. ఆ గాలి ప్రాణము తీయును.

నూలు, నేసిన బట్ట ఎప్పుడును అటక మీద ఉండవలెను. 2018 ఆగస్టు వరదలలో కేరళలోని చేందమంగలంలో మగ్గములతోపాటు పండుగకు నేసి ఉంచిన సరకు కూడ పాడైనది. మగ్గమును మరల నిలుపవచ్చును గాని, ఓణం అంగడి దాటిన సరకు తిరిగి రాదు.

ఈ పనులలో పెక్కు వేసవిలోనే జరుగవలెను. బావి మట్టము మాత్రము వానకాలమున కొలిచి గోడ మీద వ్రాసి ఉంచుడు. వీధిలో పది యిండ్లవారు కలసి ఒకే కాలువ త్రవ్వుకొన్నచో ఖర్చు పంచుకొనవచ్చును. ఒకరి నీరు మరియొకరి గుంటలోనికి పోదు. ఆడవారికి ఒక మాట: పడుగు సాచుట, కండెలు చుట్టుట మీ చేతి మీదనే జరుగుచున్నది, ఇంటిలో మొదటి తడి మీ కంటనే పడును. ఆనాడే చెప్పుడు. మగ్గము ఆగకముందు చేసిన చిన్న పని, ఆగిన పిమ్మట చేసిన పెద్ద పనికంటె మేలు.