కొత్త సైకిల్, కుదరని గేర్లు

ప్రశ్న: నెల క్రితం రోడ్ బైక్ కొన్నాను. కోరుట్ల నుంచి జగిత్యాల దాకా తొక్కుతుంటాను. ఈమధ్య వెనక గేర్లు మారేటప్పుడు చైన్ టకటకమంటోంది, పెద్ద పళ్లచక్రం మీదికి ఎక్కడం లేదు. సైకిల్‌లో లోపమా?
– ఓ పాఠకుడు, కోరుట్ల

జవాబు: లోపం కాకపోవచ్చు. కొత్త సైకిల్ కొన్నాళ్లు తొక్కాక గేర్ కేబుల్, దాని తొడుగు సర్దుకుని బిగువు తగ్గుతుంది. ఇలా చేయండి.

1. ఎవరినైనా సీటు పట్టుకుని వెనక చక్రం పైకెత్తమనండి. పెడల్ తిప్పుతూ చైన్‌ను వెనక అన్నిటికన్నా చిన్న పళ్లచక్రం మీదికి తెండి.

2. ఒక్క గేర్ మార్చండి. చైన్ రెండో పళ్లచక్రం ఎక్కకపోతే, కేబుల్ డిరైలర్‌లోకి (చైన్‌ను పక్కకు జరిపే భాగం) వెళ్లే చోట ఉన్న మరను, వెనక నుంచి చూస్తూ, ఎడమకు అర చుట్టు తిప్పండి. రెండోది దాటి దూకినా, తిరిగి దిగడానికి మొరాయించినా కుడికి తిప్పండి.

3. చప్పుడు పోయేదాకా పావు చుట్టు చొప్పున సరిచేయండి.

డిరైలర్ మీద హెచ్, ఎల్ గుర్తులున్న స్క్రూలు ముట్టుకోవద్దు. అవి తప్పితే చైన్ ఊచల్లో పడవచ్చు.

సైకిల్ కుడివైపు పడి ఉన్నా, డిరైలర్ వంగినట్టున్నా, చైన్ ఊచల వైపు జారుతున్నా తొక్కడం ఆపి, గేర్ సైకిళ్లు తెలిసిన మెకానిక్‌కు చూపించండి. కొన్న షాపులో తొలి సర్వీసు ఉచితమేమో అడగండి.