తాపీ పట్టిన చేతికి రెండు శీలాలు



మీ ఇంట్లోనో మీ వాడలోనో ఒక అమ్మాయి పురావస్తు శాస్త్రంలో ఎం.ఏ. చదువుతోంది అనుకోండి. చదువులో భాగంగా ఆమె కొన్ని వారాలు తవ్వకాలు జరిగే చోటికి వెళ్ళి పని నేర్చుకోవాలి. అప్పుడు ఇంట్లో అమ్మమ్మ అడుగుతుంది: "మట్టి పనికా తల్లీ నిన్ను ఇంత చదివించింది? ఆ పని మేం చెయ్యలేదా?" ఈ మాటలో తరాల బాధ ఉంది. ఎవరూ నవ్వి తోసెయ్యకూడదు. దానికి జవాబు చెప్పుకోవడమే ఈ పాఠం.

1. అక్కడ ఏం నేర్చుకుంటారు?

తవ్వే స్థలాన్ని ముందు తాళ్ళు కట్టి చదరాలుగా విడగొడతారు. చదరానికీ చదరానికీ మధ్య మట్టి గట్టు వదిలేస్తారు. ఆ గట్టు పక్కన చూస్తే మట్టి పొరలు ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. మామూలుగా పై పొర కొత్తది, కింది పొర పాతది. కానీ ఎప్పుడో ఎవరో గొయ్యి తవ్వి పూడ్చి ఉంటే పైనున్న వస్తువు కిందికి చేరుతుంది. అందుకే తొందర పనికిరాదు. చిన్న తాపీతో, బ్రష్‌తో నెమ్మదిగా గీకాలి. తీసిన మట్టిని జల్లెడ పట్టాలి. కుండ పెంకు దొరికితే ఏ చదరం, ఏ పొర, ఎంత లోతు, ఏ తేదీ అన్నీ రాసిపెట్టాలి. ఆ వివరం పోయిందా, అది ఒట్టి పెంకే.

2. ఇందులో ధమ్మం ఎక్కడుంది?

మనం రోజూ పంచశీలాలు చెప్పుకుంటాం. అందులో రెండు ఇక్కడ గట్టిగా పనికొస్తాయి.

ఇవ్వనిది తీసుకోను అనేది రెండో శీలం. మట్టిలో చిన్న పూస మెరిసింది, ఎవరూ చూడలేదు. జేబులో వేసుకుంటే అడిగేవాడు లేడు. కానీ ఆ పూస ఒక్కరిది కాదు.

అబద్ధం ఆడను అనేది నాలుగో శీలం. సాయంత్రమైంది, ఒళ్ళు అలిసింది, లోతు కొలవలేదు. "సుమారు ఇంతే ఉంటుందిలే" అని నోట్‌బుక్‌లో రాస్తే అదీ అబద్ధమే. యాభై ఏళ్ళ తర్వాత ఆ పుస్తకం చదివేవాడు దాన్నే నిజమనుకుంటాడు.

3. రాయకుండా తవ్వితే ఏమైంది?

అమరావతి మహాచైత్యాన్ని చూడండి. 18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త పట్నం కట్టించేటప్పుడు ఇటుకలకూ రాళ్ళకూ ఆ దిబ్బను తవ్వారు. చెక్కిన పాలరాతి లాంటి సున్నపురాళ్ళు కొన్ని సున్నానికి కాలిపోయాయి. 1798లో కాలిన్ మెకెంజీ వచ్చి చూశాడు. 1816లో మళ్ళీ వచ్చి తన బృందంతో బొమ్మలు గీయించాడు. ఆ బొమ్మల్లో ఉన్న కొన్ని రాళ్ళు ఇవాళ ఎక్కడా లేవు. మిగిలిన శిల్పాల్లో ఎన్నో లండన్‌కూ చెన్నైకీ చేరాయి. రాయి పోయినా గీత మిగిలింది. గీత కూడా లేని చోట ఏం పోయిందో కూడా మనకు తెలియదు.

4. ఒక రాయి చెప్పే మాట

అదే అమరావతిలో దాతల పేర్లు చెక్కిన రాళ్ళున్నాయి. వాటిలో వర్తకులున్నారు, ఉపాసికలున్నారు, భిక్ఖుణులున్నారు. ఒక రాయి మీద విధిక అనే చమ్మకారుడి పేరుంది. చమ్మకారుడు అంటే తోలు పని చేసేవాడు. అతని తండ్రి పేరు నాగ, ఆయన ఉపాధ్యాయుడు. విధిక తన తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్ళు, బంధుమిత్రులతో కలిసి పూర్ణఘటం చెక్కిన రాతిపలకను దానం ఇచ్చాడు. ఆ అమరావతి పూర్ణఘటమే నేడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ చిహ్నంలో ఉంది.

తోలు పని చేసేవాడి తండ్రి పాఠం చెప్పేవాడు. తోలు ముట్టిన చేతి దానాన్ని సంఘం స్వీకరించింది, పేరు చెక్కి నిలబెట్టింది. ఇది చదివితే గుండె నిండుతుంది.

5. ఇక్కడే ఆగి ఆలోచించాలి

"విధిక మా తాతే!" అనాలని నోటిదాకా వస్తుంది. కానీ రాయి ఆ మాట చెప్పలేదు. అతనికీ మనకూ మధ్య వంశం కలిపే ఆధారం ఆ రాతిలో లేదు. ధమ్మం, వృత్తి, గౌరవం మూడూ ఒక్క మనిషిలో కలిసి ఉండగలిగిన కాలం ఒకటి ఉందని మాత్రం చెప్పింది. అది చాలదా?

విన్నామనో, పెద్దలు చెప్పారనో, గ్రంథంలో ఉందనో నమ్మవద్దని కాలామ సుత్తంలో బుద్ధుడు చెప్పాడు. మనకు ఇష్టమైన మాటకూ ఆ పరీక్ష వర్తిస్తుంది. అంటరానితనం పుట్టుక గురించి 1948లో రాసిన పుస్తకం ముందుమాటలో బాబాసాహెబ్, ఆధారాల గొలుసులో తెగిన చోట ఊహ సాయం తీసుకున్నానని దాచకుండా చెప్పారు. ఏది ఆధారం, ఏది ఊహ అని విడదీసి చెప్పడం ఆయన మనకిచ్చిన క్రమశిక్షణ. మనం ఒక్క మాట ఎక్కువ చెప్పామంటే, ఎదుటివాడు ఆ ఒక్కటీ పట్టుకుని మన నిజాలన్నీ కొట్టిపారేస్తాడు.

6. అమ్మమ్మకు జవాబు

"అమ్మమ్మా, ఇన్నాళ్ళూ గునపమూ గంపా మన చేతిలో ఉన్నాయి, నోట్‌బుక్కు వేరేవాళ్ళ చేతిలో ఉంది. నేను వెళ్ళేది ఆ నోట్‌బుక్కు కోసం. కానీ నువ్వు చేసిన పని కూడా నేర్చుకుంటాను, ఎందుకంటే మట్టి రంగు మారితే ముందు పసిగట్టేది గునపం పట్టిన చెయ్యే."

ధమ్మాన్ని 'వచ్చి చూడు' అని పిలిచే ధమ్మం అంటాం. తవ్వకం కూడా అదే నేర్పుతుంది. వచ్చి చూడు, చూసింది రాయి, చూడనిది రాయకు.

ఇంటిల్లిపాదీ చర్చించండి:

1. మన కుటుంబం గురించి మనకు తెలిసినదెంత, విన్నదెంత? రెండు వరుసలుగా రాయండి.
2. పొలంలో పాత ఇటుకలో, అక్షరాల రాయో బయటపడితే కదిలించకుండా తహసీల్దారుకూ పురావస్తు శాఖకూ చెబుతామా?
3. ఈసారి అమరావతి వెళ్ళినప్పుడు దాతల పేర్లున్న ఒక్క రాయి ముందైనా పిల్లలతో నిలబడి చదివిస్తామా?

భవతు సబ్బ మంగళం. జై భీమ్!