పగడాల దగ్గరికి వెళ్లిన మనవరాలికి

ఫ్రీమాంట్

చిన్నీ, నా బంగారు తల్లీ,

మొన్న ఫోన్లో "మనుషులు అడుగుపెట్టిన చోట పగడాలు బతకవమ్మమ్మా" అన్నావు చూడు, ఆ మాట నన్ను పట్టుకుని వదలడం లేదు. తెల్లబారిన పగడాల మధ్య రోజంతా ఈదొచ్చి, అన్నం తినకుండానే పడుకున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత చదువైనా వేళకింత తినాలి తల్లీ.

నువ్వు పంపిన వ్యాసం, అదే, 2011లో కిటింగర్ వాళ్లు హవాయి పగడపు దిబ్బల మీద రాసింది, మీ నాన్న చేత చదివించుకుని తెలుగులో చెప్పించుకున్నాను. మనుషులొచ్చాక దిబ్బలు దెబ్బతిన్నాయన్నది నిజమే కానీ, సుమారు 1400 నుంచి 1820 దాకా, దీవుల నిండా జనం ఉండగానే, అవి మళ్లీ కోలుకున్నాయని కూడా వాళ్లే రాశారు కదా! ఫలానా చేపను ఫలానా నెలల్లో ముట్టకూడదనే కట్టుబాటు, 'కపు', అప్పట్లో గట్టిగా ఉండేదట. 1819లో దాన్ని తీసేశారట. అది వింటుంటే నాకు మా నౌపడ పక్కన భావనపాడు కళ్లముందుకొచ్చింది. ఇప్పుడు మన తీరమంతా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, చేపలు గుడ్లు పెట్టే కాలమని, 61 రోజులు వేట ఆపుతారు. మర పడవలు ఒడ్డెక్కుతాయి, వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటారు, ప్రభుత్వం ఇచ్చే భృతి ఏ మూలకీ చాలదు, అయినా ఆగుతారు. కడుపు కట్టుకుని ఆగే ఆ మనుషులు కూడా నీ లెక్కలోకి రావాలి కదమ్మా.

నౌపడ అంటే ఉప్పుమడులు గుర్తొస్తాయి, ఉప్పుమడులంటే మళ్లీ ఈ ఫ్రీమాంటే. కొత్తగా వచ్చినప్పుడు డంబార్టన్ వంతెన మీద నుంచి ఎర్రగా మెరిసే మడులు చూసి నా ప్రాణం లేచొచ్చింది; అవి ఒకప్పుడు ఆటుపోట్లు తిరిగే చిత్తడి నేలలని తర్వాత నువ్వే చెప్పావు. 1850ల నుంచి గట్లు కట్టి ఉప్పు పండించారు, అఖాతం చుట్టూ మిగతా చోట్ల చెత్తా మట్టీ పోసి పూడ్చారు, ఆ నేలల్లో అయిదింట నాలుగొంతులు పోయాయి. 1961లో బర్క్‌లీలో కే కెర్, సిల్వియా మెక్‌లాఫ్లిన్, ఎస్తర్ గులిక్ అనే ముగ్గురు ఆడవాళ్లు మనిషికో డాలరు సభ్యత్వం పెట్టి జనాన్ని కూడగట్టారు, 1965లో పూడికకు అడ్డం పడే చట్టం వచ్చింది. 2003లో కార్గిల్ కంపెనీ నుంచి 16,500 ఎకరాల ఉప్పుమడులు ప్రజల చేతికొచ్చాయి, 2006లో మన ఊరి దక్షిణపు కొసన మూడు మడుల గట్లు తెంపారు. పోటుతో ఒండ్రు వచ్చి పేరుకుంది, విత్తనాలు కొట్టుకొచ్చాయి, కణుపులు ఉబ్బి ఉండే ఆ ఉప్పుమొక్కలు వాటంతట అవే లేచాయి. 2016లో తొమ్మిది కౌంటీల జనం ఈ నేలల్ని బాగుచేసే పనికోసం ఏడాదికి 12 డాలర్లు పన్ను కడతామని ఓటేశారు. మొన్న ఇంటి పన్ను కాగితంలో ఆ పద్దు మీ నాన్న వేలు పెట్టి చూపించాడు.

ఒకరు మొదలుపెడితే ఇంకొకరు కలుస్తారని నీ దగ్గరే చూశాను. నువ్వు ఆరో క్లాసులో ఉన్నప్పుడు, వాన వెలిసిన మర్నాడు మన ఊరి కొయోట్ హిల్స్‌లో బాట మీదికొచ్చిన వానపాముల్ని ఒక్కొక్కదాన్నీ ఎండుటాకు మీద ఎక్కించి గడ్డిలో దింపేదానివి. వెనక సైకిళ్ల వాళ్లు ఆగిపోయేవాళ్లు, నాకేమో ఏమనుకుంటారోనని బెరుకు. ఒకసారి ఒకాయన సైకిలు దిగి, తనూ ఒక ఆకు తీసుకుని నీ పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఆ కొండల కిందే ఈ నేల ఆదివాసులైన ఓలోనీ వాళ్ల పాత ఊరు; రెండు వేల ఏళ్లకు పైబడి వాళ్లు తిన్న గుల్లలతో అక్కడ మట్టిదిబ్బ లేచింది, అన్ని తరాలు తిన్నా ఈ నీళ్లు ఒట్టిపోలేదు.

సముద్రం వేడెక్కడం ఒక ఊరి కట్టుబాటుతో ఆగదని నాకూ తెలుసు. అందుకే నీ గురించి నాకు బెంగ. అయినా మావీ దీవిలో కాహెకిలి దగ్గర 2009 నుంచి, పగడాల మీద పాచిని మేసే చిలుక చేపల్ని చంపకూడదని నియమం పెట్టారని నువ్వే ఎంతో సంబరంగా చెప్పలేదూ? మాట మీద నిలబడే మనుషులు అక్కడా ఉన్నారు.

నీళ్ల వేడి రాసుకునే పుస్తకంలో ఇంకో పేజీ తెరువు తల్లీ. నువ్వున్న చోటి రేవులో పెద్దవాళ్ల పక్కన కూర్చుని, ఏ చేప ఎప్పుడు మానేసేవారో, ఎందుకు మానేసేవారో అడిగి రాసుకో. ఉత్త చేతులతో వెళ్లకు, పండో ఫలమో పట్టుకెళ్లు. వాళ్లేమన్నారో ఆదివారం ఫోన్లో నాకు చెప్పు.

నీ అమ్మమ్మ