పోటీ పరీక్షల ప్రత్యేకం: నాణెంపై ఆఫ్‌సైడ్ పాఠం

2012 లండన్ ఒలింపిక్స్ కోసం బ్రిటన్ 50 పెన్స్ విలువగల స్మారక నాణేలు 29 రకాలు విడుదల చేసింది. ఒక్కో క్రీడాంశానికి ఒక్కో నాణెం. పారాలింపిక్ క్రీడలకూ చోటిచ్చారు. ముద్రించింది వేల్స్‌లోని లాంట్రిసాంట్‌లో ఉన్న రాయల్ మింట్. క్రీడలు జరిగింది 2012లో అయినా ఈ నాణేలపై సాధారణంగా కనిపించే సంవత్సరం 2011. తికమక పెట్టే ప్రశ్నకు ఇదొక్కటి చాలు!

ఈ నాణేనికి ఏడు భుజాలు. బరువు 8 గ్రాములు, లోహం రాగి-నికెల్ మిశ్రమం. ఒకవైపు రాణి రెండో ఎలిజబెత్ ముఖచిత్రం, రెండోవైపు ప్రజల నుంచి ఆహ్వానించి ఎంపిక చేసిన బొమ్మ. అథ్లెటిక్స్ నాణెంపై ఉన్న హైజంప్ బొమ్మ గీసింది 9 ఏళ్ల బాలిక. ఒక టీవీ పిల్లల కార్యక్రమం పెట్టిన పోటీలో గెలిచింది.

ఫుట్‌బాల్ నాణెం మరీ చమత్కారం. ఆటగాడి బొమ్మ లేదు, బంతిని తన్నే కాలూ లేదు. ఆఫ్‌సైడ్ నిబంధనను బ్లాక్‌బోర్డు మీద గీసినట్టు గీశారు. నిబంధన సరిగ్గా చెప్పలేదని విమర్శలూ వచ్చాయనుకోండి. సేకరణకర్తలు వెతికేది మాత్రం ఈత నాణెం తొలి నమూనా: ఈతగాడి ముఖం మీదుగా నీటిగీతలు ఉంటాయి. తర్వాత ముఖం స్పష్టంగా కనిపించేలా మార్చారు. పాతవి కొద్దిగానే బయటికొచ్చాయి.

ఆధునిక ఒలింపిక్స్‌కు తొలి స్మారక నాణెం తెచ్చింది ఫిన్లాండ్. 1952 హెల్సింకి క్రీడల కోసం వెలువడిన 500 మార్కాల వెండి నాణెం అది.