ఎవరి తాలూకు బిడ్డ?

పాఠ్యభాగము: అపొస్తలుల కార్యములు 16:1–5, 2 తిమోతి 1:3–7, ఆదికాండము 48:5–12.



మన పల్లెలలో క్రొత్త ముఖము కనబడినప్పుడు పెద్దలు మొదట అడుగు మాట ఒక్కటే: "ఎవరి తాలూకు బాబూ?" ఈ ప్రశ్నలో తప్పేమియు లేదు. ఫలానావారి మనుమడనియో, ఫలానావారి మేనల్లుడనియో తెలిసినయెడల వెంటనే మంచము వాల్చి, మజ్జిగ ఇచ్చి, కుశలమడుగుదుము. అయితే ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పలేని బిడ్డలు కొందరున్నారు. వారి తండ్రి ఒక జాతివాడు, తల్లి మరియొక జాతి స్త్రీ. ఇంటిలో రెండు భాషలు, రెండు విధముల వంటలు. అద్దములో చూచుకొనిన ముఖము ఏ ఒక్క వైపు బంధువులను పూర్తిగా పోలదు. అట్టి బిడ్డ ఈ ప్రశ్నకు ఏమని చెప్పవలెను? ఈ నెల మన పాఠము ఇదియే.

"ఇది పట్టణములవారి సంగతి, మనకేల?" అని కొందరనవచ్చును. అట్లు కాదు. మన సంఘముల యువతీ యువకులు నేడు దూరదేశములకు పోయి చదువుచున్నారు, ఉద్యోగములు చేయుచున్నారు. కొందరు అక్కడివారినే వివాహమాడుచున్నారు. వేసవి సెలవులలో వారి బిడ్డలు తాతగారి ఊరికి వచ్చి, ఆదివారమున మన పిల్లలతో కూడ చాప మీద కూర్చుందురు. గనుక ఇది మన గుడి లోపలి సంగతియే.

1. లుస్త్రలోని బాలుడు

పౌలు దెర్బేకును లుస్త్రకును వచ్చినప్పుడు అక్కడ తిమోతి అను శిష్యుడుండెను. అతని తల్లి విశ్వసించిన యూదురాలు, తండ్రి గ్రీసుదేశస్థుడు. లుస్త్ర నేటి టర్కీ దేశములోని స్థలము. ఆ ఊరి జనులు లుకయోనియ భాషలో కేకలు వేసిరని 14వ అధ్యాయములో చదువుచున్నాము. ఆ బాలుని స్థితిని ఆలోచించుడి. తల్లి ఒడిలో యూదుల లేఖనములు, తండ్రి వైపున గ్రీకుల వాడుకలు, వీధిలోనికి పోయినయెడల మూడవ భాష! పసితనమునుండి అతడు లేఖనములను ఎరిగియుండెను. అయినను యూదుల ఇండ్లలో మగబిడ్డకు ఎనిమిదవ దినమున జరుగు సున్నతి అతనికి జరుగలేదు. ఒక ఇంటిలో రెండు ఆచారములున్నప్పుడు ఏదో ఒకటి మిగిలిపోవును. ఆ మిగిలిపోయిన దానిని ఊరంతయు ఎరుగును. అతని తండ్రి గ్రీసుదేశస్థుడని అందరికిని తెలియునని లూకా వ్రాయుచున్నాడు గదా!

ఇక్కడ రెండు సంగతులు గమనింపవలెను. మొదటిది, పౌలు ఉత్తరములో అవ్వయైన లోయి పేరును, తల్లియైన యునీకే పేరును కనబడుచున్నవి. ఆ బాలుడు వేరు పారుటకు కావలసిన నేల ఒక ముసలమ్మ విశ్వాసములోను, ఒక తల్లి విశ్వాసములోను దొరికెను. రెండవది, లుస్త్రలోను ఈకొనియలోను ఉన్న సహోదరులు అతని గూర్చి మంచి సాక్ష్యము చెప్పిరి. ఈ సాక్ష్యము రెండవ వచనములో ఉన్నది. సున్నతి మాట మూడవ వచనములో ఉన్నది. ఈ వరుసను మరువరాదు. సున్నతి జరిగిన తరువాత అతడు సంఘమునకు కావలసినవాడు కాలేదు. ముందే అతడు వారివాడు.

2. అతడు చెల్లించిన వెల

అట్లయితే పౌలు అతనికి సున్నతి ఎందుకు చేయించెను? గ్రీసుదేశస్థుడైన తీతును ఎవరును బలవంతము చేయలేదని గలతీ పత్రిక రెండవ అధ్యాయములో పౌలే చెప్పుచున్నాడు. అతడు మాట మార్చెనా? లేదు. రక్షణ కొరకు సున్నతి కావలెనని పట్టుపట్టినచోట పౌలు లొంగలేదు. తిమోతి విషయమైతే వేరు. తల్లి వైపువారి వాకిళ్లు సువార్తకు మూయబడకుండవలెనని అతడు అట్లు చేసెను.

అయినను దీనిని మనము తేలికగా చెప్పుకొనరాదు. నొప్పి పడినది ఆ యువకుడు. రెండు జనములకు చెందిన బిడ్డ తరచు ఇట్టి వెల చెల్లించును. ఇటువారు నొచ్చుకొనకుండ, అటువారు కోపపడకుండ నడుచుకొను భారము అతని మీదనే పడును. మనము ఆ భారమును ఎక్కువ చేయుదుమా, తక్కువ చేయుదుమా అన్నదే ప్రశ్న.

మరియొక సంగతి. తిమోతి అనునది గ్రీకు పేరు, దేవుని ఘనపరచువాడని దాని భావము. సున్నతి జరిగిన తరువాత కూడ ఆ పేరు అట్లే ఉండెను. తరువాత అతడు థెస్సలొనీకకును, కొరింథుకును, ఎఫెసుకును పోయి పని చేసెను. యూదులును గ్రీకులును కలిసి కూర్చుండవలసిన సంఘములలో, ఇద్దరి ఇంటి మాటయు తెలిసినవాని కంటె తగినవాడెవడు? ఊరివారు లోటుగా ఎంచదగిన దానినే దేవుడు పనికి వాడుకొనెను.

3. హైదరాబాదులో పుట్టిన బిడ్డ

ఇప్పుడు మన తెలుగుగడ్డ మీద జరిగిన ఒక సంగతి చూతము. హైదరాబాదు కోఠీలోని రెసిడెన్సీ భవనమును చూచినవారు మనలో అనేకులుండవచ్చును. దానిని కట్టించినవాడు జేమ్స్ అచిల్లెస్ కర్క్‌పాట్రిక్ అను ఇంగ్లీషు రెసిడెంటు. ఆయన ఖైరున్నిసా బేగమను హైదరాబాదు కన్యను పెండ్లాడెను. వారికి కుమారుడును, 1802లో పుట్టిన ఒక కుమార్తెయు కలరు. 1805లో ఈ పసివారినిద్దరిని ఓడ ఎక్కించి ఇంగ్లాండులోని తాత యొద్దకు పంపిరి. ఆ యేడే తండ్రి కలకత్తాలో మరణించెను. లండనులో బిడ్డలకు బాప్తిస్మమిచ్చి క్రొత్త పేర్లు పెట్టిరి. సాహెబ్ బేగమని పిలువబడిన మూడేండ్ల పాప కిట్టీ కర్క్‌పాట్రిక్ ఆయెను. ఆమె తల్లిని మరల చూడలేదు. 1813లో తల్లి హైదరాబాదులో చనిపోయెను.

కిట్టీ ఇంగ్లాండులో గౌరవముగా పెరిగినది, మంచి ఇంట కోడలైనది, బిడ్డల తల్లియైనది. అయితే మరచినదా? ఓడ ఎక్కుటకు ముందు మద్రాసులో జార్జి చినరీ అను చిత్రకారుడు ఆ బిడ్డలనిద్దరిని హైదరాబాదు దుస్తులలో చిత్రించియుండెను. పెద్దదైన తరువాత కిట్టీ ఒకరి ఇంటిలో ఆ పటమును చూచి కన్నీరు విడిచినదట. దాదాపు నలుబది ఏండ్లు గడచిన తరువాత, హైదరాబాదులో ఇంకను బ్రతికియున్న అమ్మమ్మ షర్ఫున్నిసా బేగముతో ఆమెకు ఉత్తరములు నడిచినవి. అమ్మమ్మ పారసీలో వ్రాయించెను, మనుమరాలు ఇంగ్లీషులో వ్రాసెను. మధ్యనున్నవారు చదివి చెప్పిరి. ఇద్దరును మరల ముఖాముఖిగా కలిసికొనలేదు.

ఈ సంగతి చదివినప్పుడు మా మనస్సు కలత చెందినది. ఏలయనగా ఆ బిడ్డకు ఎవరును అన్నము పెట్టకపోలేదు, ప్రేమింపకపోలేదు. కాని ఆమె జీవితములో ఒక సగమును తలుపు వేసి మూసిరి. బాప్తిస్మము క్రీస్తునందు క్రొత్త జీవమునకు గురుతు. తల్లిని మరువుమని చెప్పు ఆజ్ఞ కాదు. తలిదండ్రులను సన్మానింపుమను ఆజ్ఞలో ఇద్దరును ఉన్నారు.

4. లెక్కలు మారును

కిట్టీ ఒక్కతెయే కాదు. మన దేశములో ఆంగ్లో ఇండియనులు అను జనమంతయు ఈ ప్రశ్నతోనే పెరిగినది. 1687లో ఇంగ్లీషు కుంపిణీ పెద్దలు మద్రాసుకు వ్రాయుచు, తమ సిపాయిలకును ఈ దేశపు స్త్రీలకును పుట్టిన బిడ్డకు బాప్తిస్మమైన దినమున తల్లికి ఒక వరహా ఈయదలచితిమనిరి. అప్పుడు ఆ బిడ్డలు కావలసినవారు. నూరేండ్లు దాటిన తరువాత, 1791లో, అదే కుంపిణీ ఈ దేశపు తల్లికి పుట్టినవారిని తన పెద్ద ఉద్యోగములలో చేర్చుకొనరాదని నిర్ణయించెను. బిడ్డలు మారలేదు, దొరల లెక్క మారెను. తరువాతి కాలమున రైళ్లలోను, తంతి ఆఫీసులలోను వారికి పని దొరకెను. లాలాగూడ, కాజీపేట, గుంతకల్లు వంటి రైలు ఊళ్లలో వారి కుటుంబములు మన పొరుగుననే జీవించినవి.

మన రాజ్యాంగపు 366వ అధికరణము ఆంగ్లో ఇండియనుడెవడో చెప్పుచు, తండ్రి వైపున ఐరోపా వంశముండవలెనని వ్రాసినది. తల్లి ఐరోపా స్త్రీయై, తండ్రి ఈ దేశస్థుడైనయెడల బిడ్డ ఆ లెక్కలో చేరడు. లోకసభలో వారికి ఇద్దరి వరకు నియమించు ఏర్పాటు 2020 జనవరిలో ముగిసినది. చట్టమునకు ఎక్కడో ఒక గీత గీయక తప్పదు. అయితే సంఘము అట్టి గీతల మీద కట్టబడలేదు. కుంపిణీ వలె అవసరమైనప్పుడు "మావాడు" అనియు, అవసరము తీరినప్పుడు "మీవాడు" అనియు చెప్పుట మనకు తగదు.

5. తాత చెప్పిన మాట

యోసేపు ఐగుప్తులో ఓను యాజకుని కుమార్తెయైన ఆసెనతును వివాహమాడెను. వారికి మనష్షేయు ఎఫ్రాయిమును పుట్టిరి. యాకోబు ముసలివాడై, కన్నులు మందగించి, పడక మీదనుండి వారిని చూచి వీరెవరని అడిగెను. చూచితిరా, మన పెద్దలు అడుగు ప్రశ్నయే! వీరు దేవుడు ఈ దేశములో తనకిచ్చిన కుమారులని యోసేపు చెప్పెను. యాకోబు వారిని దగ్గరకు పిలిచి ముద్దు పెట్టుకొని కౌగిలించుకొనెను. రూబేను షిమ్యోనులు తనకెట్టివారో వీరును అట్టివారేనని అంతకుముందే పలికెను. ఐగుప్తు తల్లి బిడ్డలు గనుక సగము పాలు అనలేదు. వారి తల్లిని నిందింపలేదు. ఒక్కొక్కరికి నిండు గోత్రమే ఇచ్చెను.

ప్రియులారా, "నేను ఎవరి తాలూకు?" అను ప్రశ్నకు బిడ్డ ఒంటరిగా జవాబు కనుగొనలేడు. ఒక పెద్ద చేయి చాచి "నీవు మావాడవు" అని చెప్పినప్పుడు ఆ జవాబు దొరకును. లోయి అట్లు చేసినది, యాకోబు అట్లు చేసెను. కిట్టీ అమ్మమ్మకు ఆ అవకాశము నలుబది ఏండ్లు ఆలస్యముగా వచ్చినది.

6. మనము చేయవలసినది

మా తప్పును ఇక్కడ ఒప్పుకొనవలెను. చిన్నతనమున మా సండే స్కూలుకు రైలు కాలనీనుండి ఒక పిల్లవాడు వచ్చెడివాడు. మేము అతనిని పేరు పెట్టి పిలువక "దొరబాబూ" అని పిలిచి నవ్వెడివారము. అతడును మాతో కూడ నవ్వెడివాడు. కొన్నాళ్లకు రావడము మానివేసెను. ఎందుకు మానెనో అప్పుడు మేము అడుగలేదు. ఆ నవ్వులో ఎంత దుఃఖమున్నదో ఇప్పుడు ఊహింపగలుగుచున్నాము.

కాబట్టి సంఘపెద్దలారా, అట్టి బిడ్డ గుడికి వచ్చినప్పుడు జుట్టును, చర్మపు రంగును గూర్చి మాటలాడకుడి. పేరు అడిగి, సరిగా పలుకుట నేర్చుకొనుడి. తలిదండ్రులారా, రెండు వైపుల తాతల కథలును బిడ్డకు చెప్పుడి. ఒక వైపును దాచినయెడల అది సిగ్గుపడవలసినదని బిడ్డ అనుకొనును. అవ్వలారా, భాష రాలేదని మనుమలను విసుగుకొనకుడి. మీరు నేర్పు ఒక్క తెలుగు కీర్తన వారికి మీ ఇంటి తాళపుచెవి. ఉపాధ్యాయులారా, "సగము తెలుగువాడు" అను మాటను తరగతిలో పలుకనీయకుడి. బిడ్డకు రెండు ఇండ్లున్నవి గాని, సగము ఇల్లు లేదు.

ఆలోచించవలసిన ప్రశ్నలు

1. తిమోతిని గూర్చి సహోదరులు చెప్పిన సాక్ష్యము సున్నతికి ముందు వ్రాయబడినందున మనమేమి నేర్చుకొందుము?

2. మన సంఘములో రెండు జనములకో రెండు భాషలకో చెందిన బిడ్డలెవరైన ఉన్నారా? వారిని మనము ఏ పేరున పిలుచుచున్నాము?

3. మన ఇంటిలో ఏ వైపు బంధువుల కథను పిల్లలకు చెప్పకుండ దాచితిమి?

ప్రార్థన: పరలోకపు తండ్రీ, మమ్మును పేరు పెట్టి పిలిచిన దేవా, మా మధ్యకు వచ్చు ప్రతి బిడ్డను యాకోబు వలె దగ్గరకు తీసికొను మనస్సు మాకు దయచేయుము. మేము నవ్వి నొప్పించిన వారి యెదుట మమ్మును క్షమించుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.